టెక్సాస్‌లో జింకల షికార్: ఏ తూటా సరిపోతుంది? ఏది ఎక్కువవుతుంది?

నవంబర్ మొదటి శనివారం వచ్చిందంటే టెక్సాస్‌లో తెల్లతోక జింకల వేట సీజన్ మొదలైనట్టే. డల్లాస్, హ్యూస్టన్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు ముస్లిం కుటుంబాల్లోనూ ఈ మోజు ఉన్నవాళ్లు ఉంటారు. తాతల నాటి షికార్ కబుర్లు విని పెరిగినవాళ్లకు, అక్కడ లైసెన్సు తీసుకుని దర్జాగా వేటాడొచ్చని తెలిస్తే మనసు ఊరుకోదు. తీరా తుపాకుల దుకాణానికి వెళ్తే గోడ నిండా తూటాల డబ్బాలే. 243, 270, 308, 30-06, 6.5 క్రీడ్‌మూర్... ఏది కొనాలో తెలియదు. కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లు తలా ఒక మాట చెప్తారు. కొత్తవాళ్లు చాలామంది 'పెద్దది కొంటే పోలా' అనుకుని, భుజం వాచిపోయే రైఫిల్ ఒకటి ఇంటికి తెచ్చుకుంటారు.

ముందు ఆ అంకెల సంగతి. క్యాలిబర్ అంటే తూటాలోంచి ఎగిరి వెళ్లే బుల్లెట్ ఎంత లావుందో చెప్పే కొలత. 308 అంటే అంగుళంలో వెయ్యి భాగాలు చేస్తే అందులో 308 భాగాల లావు, అంటే సుమారు 7.8 మిల్లీమీటర్లు. అయితే పేర్లను పూర్తిగా నమ్మడానికి లేదు. 30-30, 308, 30-06 మూడింటి బుల్లెట్ లావు ఒకటే. తేడా అంతా వెనక ఉన్న ఇత్తడి డొల్లలో, దాంట్లో పట్టే మందులో ఉంది. 30-06లోని 06 అనేది అది సైన్యంలోకి వచ్చిన 1906 సంవత్సరం. 270 బుల్లెట్ కొలిస్తే 277 ఉంటుంది. పేరు పెట్టినవాళ్లకు లెక్కల కంటే అమ్మకాలే ముఖ్యం కాబోలు. కాబట్టి పేరు చూసి కాదు, బుల్లెట్ బరువు, వేగం చూసి మాట్లాడుకోవాలి.

బరువును గ్రెయిన్లలో చెప్తారు. ఒక గ్రాముకు సుమారు 15 గ్రెయిన్లు. 243 విన్‌చెస్టర్ 100 గ్రెయిన్ల బుల్లెట్‌ను సెకనుకు దాదాపు 2,950 అడుగుల వేగంతో పంపిస్తుంది. 308 విన్‌చెస్టర్ 150 గ్రెయిన్ల బుల్లెట్‌ను సుమారు 2,800 అడుగుల వేగంతో పంపిస్తుంది. బారెల్ దాటేటప్పుడు మొదటిదాని శక్తి 1,950 ఫుట్-పౌండ్లు, రెండోదానిది 2,650 దాకా ఉంటుంది. జింకను తాకేటప్పటికి కనీసం 1,000 ఫుట్-పౌండ్లు మిగిలి ఉండాలన్నది వేటగాళ్లలో ఎప్పటినుంచో ఉన్న మోటు లెక్క. ఆ లెక్కన నూటయాభై గజాల లోపు ఇవి రెండూ చాలు. 300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అయితే 3,500 దగ్గరుంటుంది. సెంట్రల్ టెక్సాస్ జింక మన దగ్గరి పెద్ద మేకపోతు కంటే కాస్త పెద్దది, అంతే. దానికి ఇంత శక్తి అక్కర్లేదు.

పైగా ఎక్కువ శక్తి ఊరికే రాదు. తుపాకీ వెనక్కి తన్నుతుంది. 243 తన్నే తన్ను 308లో సగం కాస్త అటూ ఇటూ. మాగ్నమ్ అయితే 308 కంటే ఒకటిన్నర రెట్లు. నాలుగుసార్లు భుజం నొప్పెట్టాక ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు వాటంతటవే మూసుకుపోతాయి, చెయ్యి అదురుతుంది. గుండె, ఊపిరితిత్తుల దగ్గర తగలాల్సిన బుల్లెట్ కడుపులో తగులుతుంది. అలా గాయపడ్డ జింక మైళ్లు పరుగెత్తి ఎక్కడో పొదల్లో గంటల తరబడి నరకం చూస్తుంది, ఒక్కోసారి అసలు దొరకనే దొరకదు. పెద్ద తూటా కడుపులో తగిలినా ఫలితం ఇదే. చిన్న తూటా సరైన చోట తగిలితే జింక సాధారణంగా వంద గజాల లోపే పడిపోతుంది. అందుకే కొత్తవాళ్లకూ, కాలేజీ పిల్లలకూ, తుపాకీ పట్టని ఆడవాళ్లకూ 243 గానీ 6.5 క్రీడ్‌మూర్ గానీ మేలు. 2007లో వచ్చిన ఈ క్రీడ్‌మూర్ మెత్తగా తన్నుతుంది, దూరం వెళ్లినా గురి పెద్దగా తప్పదు. కొంచెం అలవాటున్నవాళ్లకు 308 చాలు. దానికి తూటాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి.

ఇక మన కుటుంబాలకు అసలు ప్రశ్న వేరు: ఆ గోష్త్ హలాలేనా? ఇక్కడ ఉలమాల మధ్య తేడా ఉంది. అదీ బిన్ హాతిం (రజి) ఉల్లేఖించిన హదీసులో, ఆయుధం మొనతో గుచ్చుకుని చస్తే తినవచ్చు, అడ్డంగా తగిలిన దెబ్బకు చస్తే తినకూడదు అన్న తేడా కనిపిస్తుంది. రైఫిల్ బుల్లెట్ చీల్చుకుంటూ పోతుంది కాబట్టి బిస్మిల్లా చెప్పి కాలిస్తే చాలని కొందరు ఉలమాలు అంటారు. బుల్లెట్ చంపేది దెబ్బతోనే గనక, ప్రాణం ఉండగా చేరుకుని జబహ్ చేస్తేనే హలాల్ అని హిందుస్తాన్‌లోని హనఫీ ఉలమాలు చాలామంది చెప్తారు.

ఈ రెండో మాట పాటించే ఇంటివాళ్లు ఒకటి తెలుసుకోవాలి. గుండె, ఊపిరితిత్తుల్లో సరిగ్గా తగిలిన జింక కొన్ని సెకన్లలో, మహా అయితే నిమిషంలో చనిపోతుంది. రెండొందల గజాల నుంచి కాల్చి, కత్తి పట్టుకుని పరుగెత్తినా చాలాసార్లు ఆలస్యమే. యాభై అరవై గజాల దూరంలో కూర్చున్నా ఖచ్చితంగా చేరతామన్న హామీ లేదు. ప్రాణంతో దొరకాలని కావాలనే కాలికి కాల్చడం మాత్రం జంతువును హింసించడమే అవుతుంది. ఏ క్యాలిబరూ ఈ చిక్కును తీర్చదు. కాబట్టి రైఫిల్ కొన్నాక కాదు, కొనకముందే తాము అనుసరించే ముఫ్తీ సాబ్‌ను అడిగి తేల్చుకోవాలి. చెరువులో పడి దొరికిన జంతువు సంగతి కూడా అప్పుడే అడగాలి, ఆ హదీసులోనే దాని గురించి హెచ్చరిక ఉంది.

వంటింటి సంగతి ఇంకొకటి. మామూలు బుల్లెట్లలో ఉండే సీసం లోపల చిన్న చిన్న ముక్కలై గాయం చుట్టూ చెదిరిపోతుంది. కంటికి కనపడని ఆ ముక్కలు ఖీమా కొట్టిస్తే మొత్తం మాంసంలో కలిసిపోతాయి. 2008లో నార్త్ డకోటా రాష్ట్రంలో పేదలకు దానంగా వచ్చిన జింక ఖీమాను ఇదే భయంతో పారేయమన్నారు. గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో రాగి బుల్లెట్లే వాడటం మంచిది. ధర ఎక్కువే, కానీ 243 లాంటి చిన్న క్యాలిబర్‌లో అవి లోతుగా కూడా దిగుతాయి. కాలిఫోర్నియాలో అయితే 2019 జులై 1 నుంచి వేటకు సీసం తూటాలు పూర్తిగా నిషేధం.

చట్టం రాష్ట్రానికో రకం. టెక్సాస్‌లో జింకకు 22 లాంగ్ రైఫిల్ లాంటి రిమ్‌ఫైర్ తూటాలు పనికిరావు. కొలరాడోలో 24 క్యాలిబర్ కంటే తక్కువ కుదరదు. ఒహాయో లాంటి చోట్ల 308 తీసుకెళ్తే జరిమానాయే. అక్కడ రైఫిల్‌తో వేటాడాలంటే 350 లెజెండ్, 450 బుష్‌మాస్టర్ లాంటి నిటారు గోడల డొల్ల తూటాలు కావాలి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు టెక్సాస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం వీసాలో ఉంది. హెచ్1బీ, ఎఫ్1, విజిటర్ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీదున్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం కింద నేరం. ఉన్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు. టెక్సాస్ లైసెన్సు గడువు సాధారణంగా ఆగస్టు 31తో అయిపోతుంది, బీరువాలో రైఫిల్ మాత్రం అలాగే ఉండిపోతుంది. కొడుకు దగ్గరికి వచ్చిన అబ్బాజాన్ సరదాగా రైఫిల్ పట్టుకున్నా ఇదే చట్టం వర్తిస్తుంది. వకీలును అడగకుండా ముందుకు వెళ్లొద్దు.

టెక్సాస్‌లో ఇంకో వింత ఉంది. మన నల్లమలలో తిరిగే చుక్కల దుప్పిని 1932 ప్రాంతంలో అక్కడికి తీసుకెళ్లి వదిలారు. అది ఇప్పుడు హిల్ కంట్రీ నిండా ఉంది. బయటి దేశపు జంతువు కాబట్టి దానికి సీజన్ లేదు, భూమి యజమాని ఒప్పుకుంటే ఏడాదంతా వేటాడొచ్చు, లైసెన్సు మాత్రం ఉండాలి. మగ దుప్పి తెల్లతోక జింక కంటే బరువైనది, 308 గానీ 270 గానీ ఉంటే నిశ్చింత. దక్షిణ టెక్సాస్‌లో ఉన్న నీల్‌గాయ్, అదే మన మనుబోతు, మొండి ప్రాణి. మాగ్నమ్ పనికొచ్చేది ఒక్క దాని దగ్గరే. ఇదే దుప్పిని మన దేశంలో కాలిస్తే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలుకే. తుపాకీ లైసెన్సు ఉందన్న మాట అక్కడ చెల్లదు. అమెరికాలో కొట్టిన దుప్పి కొమ్ములను సూట్‌కేసులో పెట్టుకుని శంషాబాద్‌లో దిగే ఆలోచన కూడా వద్దు.

ఇన్ని ఆలోచించి కొన్న రైఫిల్‌ను సీజన్‌కు ముందే రేంజికి తీసుకెళ్లాలి. వేటలో వాడబోయే తూటాలతోనే వంద గజాల దగ్గర కాగితం మీద మూడేసి చొప్పున కాల్చి చూడాలి. ఆ మూడు చిల్లులూ అరచేతిలో పట్టేంత దగ్గరగా పడితే సరే. పడకపోతే ఇంకో డబ్బా కొని సాధన చెయ్యాలి. అది కుదరకపోతే ఆ ఏడాది జింక మీద గురిపెట్టకుండా, అనుభవమున్నవాళ్ల పక్కన కూర్చుని చూడటం మంచిది.