ఆమె ముఖం ఎందుకు చూపించరు?

మా నాన్న విజిటర్ వీసా మీద డల్లాస్ వచ్చి రెండు నెలలైంది. మా తొమ్మిదేళ్ల అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లోనే. నాన్నకు ఆ యాస అంతు చిక్కదు. ఒకే సోఫాలో కూర్చుని ఒకరినొకరు చూసి నవ్వుకోవడం తప్ప తాతా మనవరాళ్ల మధ్య మాటల్లేవు. ఒక శనివారం భోజనాలయ్యాక టీవీలో పాత ‘టామ్ అండ్ జెర్రీ’ పెట్టాను. అయిదు నిమిషాల్లో ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వుతున్నారు.

1995లో మన దేశంలో కార్టూన్ నెట్‌వర్క్ మొదలైనప్పుడు నేను గుంటూరులో హైస్కూల్లో ఉన్నాను. రాత్రయ్యేసరికి అదే ఛానెల్లో పాత హాలీవుడ్ సినిమాలు వచ్చేవి. అందుకే ఆలోగా చూడాల్సినవన్నీ చూసేయాలి. హోంవర్క్ ఏదని అడగడానికి వచ్చిన నాన్న కూడా పక్కనే కూర్చుండిపోయేవారు.

అవి టీవీ కోసం తీసినవి కావని నాకు అమెరికా వచ్చాకే తెలిసింది. థియేటర్లలో అసలు సినిమాకు ముందు వేయడానికి ఎంజీఎం స్టూడియో తీసిన చిన్న చిత్రాలవి. ఒక్కోటి ఏడెనిమిది నిమిషాలు. మొదటిది 1940 ఫిబ్రవరిలో వచ్చింది. అందులో పిల్లి పేరు టామ్ కాదు, జాస్పర్! 1958 వరకు విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా కలిసి 114 చిత్రాలు తీశారు. వాటికి ఏడు ఆస్కార్లు వచ్చాయి.

హన్నా కాలేజీలో ఇంజినీరింగ్ చదువుతూ, ఆర్థిక మాంద్యం రోజుల్లో మధ్యలోనే మానేశారు. బార్బెరా బ్యాంకులో పనిచేస్తూ పత్రికలకు కార్టూన్లు అమ్ముకునేవారు. కథ, బొమ్మల పని బార్బెరాది. ఏ దెబ్బ ఏ క్షణంలో పడాలో లెక్క కట్టే పని హన్నాది. సెకనుకు 24 ఫ్రేములు. పెనం టామ్ నెత్తిన పడేది ఒకట్రెండు ఫ్రేములు అటూ ఇటూ అయినా నవ్వు పండదు. ఆ అడుగులకీ, పరుగులకీ సరిగ్గా సరిపోయేలా స్కాట్ బ్రాడ్లీ సంగీతం రాసేవారు. తోకకు నిప్పంటుకున్నప్పుడు టామ్ పెట్టే ఆ పెడబొబ్బ కూడా హన్నా గొంతే.

ఇదంతా అమ్మాయికి ఉత్సాహంగా చెబుతుండగా తెర మీదకు పనావిడ వచ్చింది. చీపురు, చెప్పులు, లావుపాటి కాళ్లు. టామ్‌ను తిడుతున్న గొంతు. “నాన్నా, ఆమె ముఖం ఎందుకు చూపించరు?” అంది అమ్మాయి, ఎప్పట్లాగే ఇంగ్లిష్‌లో.

నా చెయ్యి రిమోట్ మీదకు వెళ్లింది. తర్వాతి దానికి మార్చేద్దామనుకున్నాను. కానీ ఆ ప్రశ్న రేపు స్కూల్లోనైనా వస్తుంది. ఆపి, నాకు తెలిసింది చెప్పాను. ఆ రోజుల్లో సినిమాల్లో నల్లజాతి స్త్రీ అంటే దాదాపు పనిమనిషే. ఆ గొంతు లిలియన్ రాండాల్ఫ్ అనే నటిది. తెర మీద ఆమె పేరు కూడా వేయలేదు. నల్లజాతి సంఘాలు ఇలాంటి చిత్రణను తప్పుబట్టాయి. 1952 తర్వాత ఆ పాత్ర కొత్త చిత్రాల్లో కనిపించలేదు. తర్వాత టీవీ కోసం కొన్నింటిలో ఆమె స్థానంలో తెల్లావిడను గీసి, గొంతు కూడా మార్చారు. ఇలాంటి చిత్రణ అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పేనని చెప్పే హెచ్చరికతో పాత సినిమాలు ఇప్పుడు డిస్కుల్లో వస్తున్నాయి.

“ఏమంటోందిరా?” అన్నారు నాన్న. తెలుగులో చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మన పెరట్లో గిన్నెలు తోమిన మనిషి పేరు నీకు గుర్తుందా?” అన్నారు.

లేదు. ఇంట్లో అందరం “పనామె” అనేవాళ్లం. వీధి గుమ్మంలోంచి ఆమె లోపలికి రావడం నేనెప్పుడూ చూడలేదు. ఆమె గ్లాసు వేరు. అది తప్పని నాకు అప్పుడు తోచలేదు. కొత్తగా ఈ దేశం వచ్చిన రోజుల్లో ఆఫీసులో ఒకాయన నా పేరు పలకడం కష్టమని, నెలల తరబడి పేరు లేకుండానే పిలిచినప్పుడు మాత్రం చాలా బాధపడ్డాను.

వంటింట్లోంచి అమ్మ ఆమె పేరు చెప్పింది. పన్నెండేళ్లు మా ఇంట్లో పనిచేసిన మనిషి పేరు నలభై దాటాక విన్నాను. ఆమెను అడక్కుండా ఇక్కడ రాయడం బాగుండదు. ఆమె కొడుకు ఫోన్ నంబరు కోసం నాన్న గుంటూరులో తెలిసినవాళ్లకు చెప్పారు.

మా అమ్మాయి మాత్రం తాతయ్య పక్కకు జరిగి, “ఆమెది సెపరేట్ గ్లాస్ ఎందుకు తాతయ్యా?” అంది. ఈసారి తెలుగులోనే. వచ్చీరాని మాటలే. ఆయన టీవీ ఆపమని సైగ చేసి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టారు.

ఇప్పుడు ప్రతి శనివారం ఆ ఇద్దరికీ రెండు మూడు కార్టూన్లు, ఆ తర్వాత కబుర్లు. మీ ఇంటికీ అమ్మానాన్నలు వచ్చి ఉంటే ఒకసారి వేసి చూడండి. పిల్లలు అడిగితే మాత్రం, రిమోట్ పక్కన పెట్టేయండి.