ఇవాళ ఓపిక సోలెడే!

నొప్పి గురించి చెప్పుకోవడానికి మన తెలుగులో మాటలకేం కొదవ లేదు. తల పోటు, పన్ను సలుపు, కాళ్ళు పీకడం, నడుం పట్టేయడం, నరం లాగడం, మెడ కలుక్కుమనడం, కడుపులో మెలిపెట్టడం... కాస్త ఆలోచిస్తే మీరే ఇంకో పది చెప్పగలరు. ఇన్ని ఉండీ డాక్టరు ముందు కూర్చోగానే మనలో చాలామంది నోట వచ్చేది ఒకటే. ‘‘ఒళ్ళంతా నొప్పులండీ!’’ ఆయన ఓ మాత్ర రాస్తాడు. మనం ఇంటికొచ్చేస్తాం. నెలలు గడుస్తాయి. నొప్పి మాత్రం ఎప్పుడో వచ్చి వెళ్ళడం మర్చిపోయిన చుట్టంలా ఇంట్లోనే తిష్ట వేసుకుని ఉంటుంది.

అలా తిష్ట వేసిన నొప్పి గురించే ఈ నాలుగు మాటలు. మూడు నెలలు దాటినా వదలనిదాన్ని డాక్టర్లు దీర్ఘకాలిక నొప్పి అంటారు. కీళ్ళవాతం కావచ్చు, మోకాళ్ళ అరుగుదల కావచ్చు, పార్శ్వపు నొప్పి కావచ్చు. మందులతో తగ్గుతుంది గాని చాలామందికి పూర్తిగా పోదు. పోనిదానితో కాపురం ఎలా చెయ్యాలి? నాకిది ఎనిమిదేళ్ళ కాపురం. హంసలదీవిలో ఉండే మా పెద్దమ్మకైతే నలభై ఏళ్ళ పైమాటే.

ఉప్పెన మిగిల్చిన భుజం

హంసలదీవి తెలుసుగా! అవనిగడ్డ దాటి, కోడూరు దాటి ఇంకా ముందుకెళ్తే కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. వేణుగోపాలస్వామి గుడి, మాఘ పౌర్ణమికి సాగర సంగమ స్నానాలు... 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమని ముంచేసినప్పుడు పెద్దమ్మకి పదహారేళ్ళు. ఓ చెట్టుని కావిలించుకుని రాత్రంతా అలాగే ఉండిపోయిందట. వేలమంది పోయిన ఆ రాత్రి ఆవిడ దక్కింది. కుడి భుజం మాత్రం అప్పట్నించీ ఆవిడ మాట వినడం మానేసింది. ఏటా కార్తీకంలో సముద్రం మీది గాలి తిరిగిందంటే చాలు, సలుపు మొదలు. ఆ సలుపు భుజానిదా, ఆ రాత్రిదా అని ఓసారి అడిగాను.

‘‘రెండూ ఒక్కచోటే కాపురం ఉన్నాయే! వాటినెలా విడదియ్యనూ?’’ అంది.

నొప్పిని అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం ఒకటుంది. 1973లో పెట్టారు. వాళ్ళు 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించి రాసుకున్నప్పుడు కూడా ఇదే చెప్పారు. నొప్పి అంటే ఒంటికీ మనసుకీ కలిసి కలిగే బాధ అని. ఇంకో ముఖ్యమైన మాట కూడా చేర్చారు. ఒక మనిషి తనకి నొప్పిగా ఉందని చెబితే ఆ మాటని గౌరవించాలని. ఎంత చిన్న మాట! మన ఇళ్ళల్లో ఎంత పెద్ద మాట!

భుజం సంగతి అలా ఉంచితే, పెద్దమ్మ మోకాళ్ళూ నడుమూ పొలం పుణ్యమే. దివిసీమలో వరి నాట్లేసే ఆడవాళ్ళని చూడండి. మడమ మునిగే బురదలో నడుం వంచి, నారు గుచ్చుతూ, వెనక్కి వెనక్కి నడుస్తూ పొద్దుగుంకేదాకా అదే పని. అలా ముప్ఫై ఏళ్ళు చేసిన నడుము నిటారుగా నిలబడమంటే నిలబడుతుందా?

పొద్దున్న లేవలేనిది సాయంత్రం పెళ్ళికెలా వెళ్తుంది?

నాది రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఒంట్లోకి వచ్చిన క్రిముల మీదకి పోవాల్సిన రక్షణ శక్తి, దారి తప్పి మన కీళ్ళ లోపలి పొర మీదకే దండెత్తుతుంది. వయసు మీద పడ్డాక వచ్చే అరుగుదల వేరు, ఇది వేరు. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకి రెండు మూడు రెట్లు ఎక్కువ. నాకు ముప్ఫై నిండీ నిండకుండానే వచ్చింది.

దీనికో వింత లక్షణం ఉంది. పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోతాయి. కుక్కరు మూత తియ్యలేను, కుళాయి తిప్పలేను, పిల్లాడి చొక్కా గుండీ పెట్టలేను. పదకొండయ్యేసరికి వేళ్ళు వాటంతటవే వదులవుతాయి. సాయంత్రానికి పట్టుచీర కట్టుకుని పెళ్ళికి కూడా వెళ్ళగలను! ఇక చూడండి. పొద్దున్న కాఫీ కలపలేని కోడలు సాయంత్రం పేరంటానికి తయారైతే ఏ అత్తగారికైనా ఏమనిపిస్తుంది? మా అత్తయ్య చెడ్డమనిషి కాదు. రోలూ రుబ్బురోలూ తిప్పి నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి. ‘‘మా రోజుల్లో మాకూ నొప్పులుండేవమ్మా, చెప్పుకునే తీరికే ఉండేది కాదు’’ అనేది. ఆ మాట ముల్లులా గుచ్చుకునేది. తర్వాత్తర్వాత ఆలోచిస్తే అందులో ఆవిడ నొప్పి కూడా ఉందనిపించింది. ఆవిణ్ణి ఎవరడిగారు గనక?

మొదట్లో ఒక డాక్టరుగారు బలహీనత అన్నారు. ఇంకొకరు టెన్షన్ అన్నారు. రక్తపరీక్షలు చేయించి పేరు తేల్చేసరికి ఏడాదిన్నర. చెల్లెళ్ళకి చెబుతున్నాను, పొద్దున్న కీళ్ళు బిగుసుకుపోవడం గంటకి మించి ఉంటున్నా, రెండు చేతుల వేళ్ళకీ ఒకే తీరున వాపు వచ్చి వారాల తరబడి తగ్గకపోయినా వాతమని కూర్చోకండి. రుమటాలజిస్టు అని ప్రత్యేకంగా కీళ్ళవాతం డాక్టర్లుంటారు. హైదరాబాదు నిమ్స్‌లో దీనికో విభాగమే ఉంది. ఎంత త్వరగా మందు మొదలెడితే వేళ్ళు వంకర్లు పోకుండా అంత కాపాడుకోవచ్చు.

పెద్దమ్మ కొలత

అసలు ధైర్యం మాత్రం నాకు పెద్దమ్మ దగ్గరే దొరికింది. ఆవిడ పొద్దున్నే మంచం దిగకముందే ఒళ్ళంతా ఓసారి పలకరించి చూసుకుంటుంది. ఆ రోజుకి ఓపిక ఎంతుందో కొలుచుకుంటుంది. కొలత కూడా బియ్యం కొలతే!

‘‘ఇవాళ సోలెడే ఉందే అమ్మాయ్. వాకిలి ఊడిస్తే గిద్దెడు పోద్ది. పొయ్యి దగ్గర ఇంకో గిద్దెడు. గుడికెళ్ళొస్తే మిగతాది సరి. బట్టలు రేపు.’’

గిద్దలు నాలుగైతే సోల, సోలలు రెండైతే తవ్వ, తవ్వలు రెండైతే మానిక. మా తరానికి ఈ లెక్క ఎక్కాల పుస్తకంతో పాటే పోయింది గాని పెద్దమ్మకి కంఠతా. మానెడు ఓపిక ఉన్న రోజున కూడా ఆవిడ మానెడూ ఖర్చు పెట్టదు. ‘‘కుండలో రేపటికో గిద్దెడు ఉంచాలి’’ అంటుంది.

మనం చేసేది సరిగ్గా దీనికి తలకిందులు! ఒంట్లో కాస్త బాగున్న రోజే బూజులు దులిపి, దుప్పట్లు నానబెట్టి, ఇడ్లీకి నానేసి, చేతిలో ఉండగానే అలమర కూడా సర్దేస్తాం. తర్వాత మూడు రోజులు మంచం మీద. సంక్రాంతి ముందు అరిసెలూ జంతికలూ చేసి, పండగనాడు మూలుగుతూ పడుకున్నవాళ్ళెంతమందో! డాక్టర్లు కూడా చెప్పేది పెద్దమ్మ మాటే. బాగున్న రోజున తగ్గించుకో, బాగోలేని రోజున కూడా కొంచెం కదులు. రెండు రోజుల మధ్య తేడా తగ్గితే నొప్పి గుంజుబాటు కూడా తగ్గుతుందంటారు.

ఇలాంటి లెక్కే అమెరికాలో ఇంకోటుంది. క్రిస్టీన్ మిజరాండినో అనే ఆవిడకి లూపస్ జబ్బు. నీకెలా ఉంటుందో చెప్పమని స్నేహితురాలు అడిగితే, హోటల్లో బల్లల మీదున్న చెంచాలన్నీ పోగేసి ఆ అమ్మాయి చేతికిచ్చిందట. స్నానానికొకటి, వంటకొకటి అంటూ ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటూ పోయింది. 2003లో ఆవిడ అది రాశాక ప్రపంచమంతా ‘చెంచాల లెక్క’గా పేరు పడింది. చదివినప్పుడు నవ్వొచ్చింది. మా పెద్దమ్మకి చెంచాలెందుకు, సోల చాలు!

ఆ లెక్క తెచ్చి మా ఇంట్లో పెట్టాను. ‘నొప్పిగా ఉంది’ అంటే అది ఫిర్యాదులా వినిపిస్తుంది, విన్నవాళ్ళకి కూడా ఏం చెయ్యాలో తోచదు. ‘ఇవాళ సోలెడే’ అంటే అది లెక్క. వెంటనే మా వారు కుక్కరు పెడతారు, పిల్లాడు గుండీలు వాడే పెట్టుకుంటాడు. అత్తయ్య పూర్తిగా నమ్మిందని నేననను. కాని పొద్దున్నే వంటింటి గడపలో నిలబడి ‘‘ఏమ్మా, ఇవాళ గిద్దా, సోలా?’’ అని అడగడం మొదలెట్టింది. ఒకరోజు తనే, ‘‘నాకూ ఇవాళ గిద్దెడే’’ అంది! ఇద్దరం కలిసి ఆ పూట కూర మానేసి పచ్చడితో కానిచ్చాం.

మగవాళ్ళు నమ్మిన ఏడాది

బయటికి కనపడని నొప్పిని నమ్మడం ఎవరికైనా కష్టమే. మన రాష్ట్రంలో ఒక్క ఏడాది మాత్రం అందరూ నమ్మారు. 2005 చివర మొదలై 2006లో చికున్‌గున్యా ఊళ్ళకి ఊళ్ళని పడకేసినప్పుడు. ఆ ఏడాది దేశంలో 13 లక్షలమందికి పైగా వచ్చిందని అంచనా. ఆఫ్రికాలో టాంజానియా వైపు మకొండే భాషలో ఆ మాటకి అర్థం వంగిపోవడమట. నిజంగానే మగవాళ్ళు కూడా నడుం వంచి గోడలు పట్టుకుని నడిచారు. నొప్పంటే ఏమిటో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. జ్వరం తగ్గాక నెలల తరబడి, కొందరికి ఏళ్ళ తరబడి కీళ్ళనొప్పులు మిగిలిపోయాయి.

సినిమా తార సమంత 2022 అక్టోబరులో తనకి మయోసైటిస్ అనే కండరాల జబ్బుందని తనే బయటపెట్టింది. చేతికి సెలైన్ గొట్టంతో డబ్బింగ్ చెబుతున్న ఫొటో మీరూ చూసే ఉంటారు. తెర మీద ఫైటింగులు చేసే పిల్లకి లోపల ఇంత బాధ ఉందా అని ఆ రోజు మా వీధిలో అందరూ అయ్యో అన్నారు. అదే అయ్యో పక్కింటి వర్ధనికో, మన సొంత ఆడపడుచుకో దక్కదెందుకో!

నేను చేసేవి కొన్ని

పొద్దున్నే పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళల్లో చేతులుంచి వేళ్ళు ముడుస్తూ తెరుస్తాను. బకెట్టు పక్కన రేడియో. బిందెలకి బదులు చెంబులు, ఇనప పెనానికి బదులు తేలికది. గిన్నె ఒక చేత్తో కాకుండా రెండు అరచేతుల మధ్య పెట్టుకుని ఎత్తుతాను. సాయంత్రం నడక. హంసలదీవి వెళ్ళినప్పుడైతే పాలకాయతిప్ప దగ్గర నీళ్ళ అంచున గట్టిపడ్డ తడి ఇసుక మీద నడుస్తాను. పొడి ఇసుక మోకాళ్ళని పీకేస్తుంది.

నొప్పి ఉన్నచోట రుద్దితే హాయిగా ఎందుకుంటుందో 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం చెప్పారు. వెన్నుపాములో గేటులాంటిదొకటి ఉంటుందట. స్పర్శ కబురు అందులోకి ముందు దూరితే నొప్పి కబురుకి దారి ఇరుకవుతుందట. భయం, దిగులు గేటుని బార్లా తెరుస్తాయి. మనసు వేరే దానిమీదుంటే అది కొంత మూసుకుంటుంది. నాట్లేసేటప్పుడు ఆడవాళ్ళు పాడుకునే పాటలు గుర్తొచ్చాయి నాకు.

మందుల దగ్గర మాత్రం సొంత తెలివి వద్దు. కీళ్ళవాతానికి ఎక్కువగా ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది. క్యాలెండరులో ఆ రోజుకి సున్నా చుట్టుకోండి. గర్భం కోసం చూస్తున్నవాళ్ళు డాక్టరుకి ముందే చెప్పి తీరాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు ఏళ్ళ తరబడి మింగితే కడుపులో పుళ్ళు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పేరూ ఊరూ లేని పొట్లాలతో రెండ్రోజుల్లో నొప్పి మాయమైతే సంతోషించకండి, అనుమానించండి. అలాంటి వాటిల్లో స్టెరాయిడ్లు కలిపిన సందర్భాలు బోలెడు. మొహం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అప్పటికే అలవాటైతే ఉన్నట్టుండి మానడం కూడా ప్రమాదమే. పొట్లంతో సహా డాక్టరు దగ్గరకెళ్ళండి.

నవ్వుతూ ఉండమని అందరూ సలహా ఇస్తారు. ఏడుపొచ్చిన రోజున నేను ఏడుస్తాను. అయితే ఆ ఏడుపు వారాల తరబడి వదలకపోయినా, తిండీ నిద్రా పోయినా, బతకాలనిపించకపోయినా దాన్ని కూడా జబ్బులాగే చూడాలి. 14416కి ఫోన్ చేస్తే టెలీమానస్ వాళ్ళు డబ్బు తీసుకోకుండా తెలుగులోనే మాట్లాడతారు.

హంసలదీవి పేరు వెనక ఓ కథ చెబుతారు. పాపాలు మోసి మోసి కాకిలా నల్లబడ్డ గంగమ్మ ఈ సంగమంలో మునిగాక హంసలా తెల్లబడిందట. పెద్దమ్మ ఏటా మాఘ పౌర్ణమికి తప్పకుండా స్నానం చేస్తుంది. ‘‘కాకి హంసయిందట గాని, నా మోకాలు మోకాలుగానే ఉంది’’ అని తనే నవ్వుతుంది. ‘మరెందుకు మునుగుతావు?’ అంటే, ‘‘నీళ్ళల్లో ఉన్నంతసేపూ బరువు తెలీదే!’’ అంటుంది. అది నిజం. నీళ్ళలో ఒంటి బరువు తేలికవుతుంది గనకే ఫిజియోథెరపీలో నీటి వ్యాయామాలు కూడా ఉన్నాయి.

ఇక కథలంటారా, ఇదివరకులా కాగితాలు నింపడం నావల్ల కావడం లేదు. ఫోనుకి చెబితే అదే రాస్తుంది. ఈ వ్యాసమూ అలా రాయించిందే. ‘సలుపు’ అన్నచోటల్లా ‘తలుపు’ అని రాసిపెట్టింది. పెద్దమ్మకి కార్తీకంలో తలుపు మొదలవుతుందని చదివి మా అత్తయ్య ఒకటే నవ్వు. దిద్దడానికి రెండు గిద్దలు ఖర్చయ్యాయి.