రూబిక్ మాస్టారికే అంతుచిక్కని ఘనం

ఆరు ముఖాలకు ఆరు రంగులున్న రూబిక్ క్యూబ్‌ను మీలో చాలామంది తిప్పే ఉంటారు. నాలుగుసార్లు తిప్పేసరికి రంగులన్నీ కలగాపులగమైపోతాయి. మళ్ళీ సరిచేయాలంటే తలప్రాణం తోకకు వస్తుంది. విచిత్రమేమంటే, దాన్ని తయారుచేసిన మనిషికీ మొదట ఇదే అనుభవం ఎదురైంది!

ఎర్నో రూబిక్ 1944లో హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో పుట్టాడు. తండ్రి గ్లైడర్లు తయారుచేసే ఇంజనీరు, తల్లి కవయిత్రి. రూబిక్ వాస్తుశిల్పం చదివి, ఆ నగరంలోనే ఒక కళాశాలలో పాఠాలు చెప్పేవాడు. చిన్న ఘనాలతో కూర్చిన పెద్ద ఘనంలో ప్రతి వరుసా విడిగా తిరగాలి. అయినా ఘనం ఊడిపోకూడదు. అది సాధ్యమేనా? 1974లో ఆయనను పట్టుకున్న ప్రశ్న ఇది.

మొదట చెక్కముక్కలను రబ్బరు బ్యాండ్లతో బిగించాడు. అవి తెగిపోయాయి. అప్పుడు ముక్కలే ఒకదాన్నొకటి పట్టుకొని ఉండేలా మలిచాడు. లోపల ఆరు చేతులున్న ఇరుసు ఉంటుంది. దాని చివర్లలోని ఆరు మధ్యముక్కలు ఉన్నచోటనే తిరుగుతాయి. 12 అంచుముక్కలు, 8 మూలముక్కలు వాటి చుట్టూ జారుతాయి. అందుకే మధ్యముక్క రంగే ఆ ముఖం రంగు!

ఘనం నిలిచింది. ముఖాలకు రంగు కాగితాలు అంటించి తిప్పాడు. రంగులు చెదిరిపోయాయి. మళ్ళీ మొదటికి తెచ్చే దారి చెప్పేవారు ప్రపంచంలో ఎవరూ లేరు. గుడ్డిగా తిప్పుతూ పోతే వస్తుందా? ఈ ఘనానికి సాధ్యమయ్యే అమరికలు సుమారు 4 లక్షల 32 వేల కోట్ల కోట్లు. సెకనుకు ఒకటి చొప్పున చూసినా, అన్నీ పూర్తికావడానికి విశ్వం వయస్సుకు దాదాపు వంద రెట్ల కాలం పడుతుంది!

రూబిక్ అదృష్టాన్ని నమ్ముకోలేదు. ముందుగా ఎనిమిది మూలలను సరిచేశాడు. తరువాత, సరిపడిన వాటిని చెదరగొట్టకుండా కొద్ది ముక్కలనే కదిలించే మలుపుల వరుసలను ఓపికగా వెతికాడు. నెలరోజులకు పైగా శ్రమించాక ఘనం దారికొచ్చింది.

1977లో హంగేరీ దుకాణాల్లోకి, 1980లో ప్రపంచ విపణిలోకి ఆ బొమ్మ వచ్చింది. ఎంతగా చెదిరిన ఘనాన్నయినా 20 మలుపుల్లోపే సరిచేయవచ్చునని 2010లో పరిశోధకులు కంప్యూటర్ల సాయంతో నిరూపించారు.

కొండంత సమస్యను చిన్న మెట్లుగా విడగొట్టడం, ఎక్కిన మెట్టును జారవిడవకపోవడం: గణితంలోనూ, విజ్ఞానశాస్త్రంలోనూ పద్ధతి ఇదే. ఈసారి క్యూబ్ చేతికి అందితే, తిప్పే ముందు ఆ కదలని ఆరు మధ్యముక్కలను ఒక్కసారి గమనించండి. మీ మొదటి మెట్టు అదే.