నాలుగు వందల డాలర్ల మడతకత్తి

జూలూ భాషలో సెబెంజా అంటే పని. దక్షిణాఫ్రికా నుంచి అమెరికాలోని ఐడహోకు వెళ్లిన క్రిస్ రీవ్ తన మడతకత్తికి పెట్టిన పేరది. ధర 400 డాలర్ల పైమాటే. అంత పోసి కొన్నాక వెంట్రుకవాసి తేడా కూడా కొండంతగా కనిపిస్తుంది.

నచ్చినవాళ్లు జేబులో వేసుకుని ఊరుకుంటారు. నచ్చనివాళ్ల గొంతే మనకు వినిపిస్తుంది.

ఖరీదైన కత్తులపై తరచూ వచ్చే ఫిర్యాదు, మూస్తే బ్లేడు నడిమధ్యన లేదని. పక్కరేకును ఒరుసుకోనంతవరకు అది చూపుకు వెలితే తప్ప కోతకు ఢోకా లేదు.

తెరిచిన బ్లేడును కదలకుండా నిలిపే తాళం సంగతి వేరు. సెబెంజాలో టైటానియం పిడిలోంచే చీల్చిన పట్టీ బ్లేడు మడమకు ఆనుతుంది. ఆ ఆనిక చాలకపోతే అంచు వేళ్లమీదికే మడుచుకుంటుంది. వేళ్లు దూరంగా ఉంచి, బ్లేడు వెన్నును మెల్లగా నొక్కి చూడాలి. తాళం జారితే కత్తి వెనక్కి పంపాల్సిందే.