రెండు రాష్ట్రములలో ఇల్లు గల రైతు – తుపాకి లైసెన్సు

మన సంఘమునకు వచ్చు సభ్యులు ఎరువుల సంగతియు, అప్పు వాయిదాల సంగతియు విచారించిన పిమ్మట, లేచి పోవుచు మెల్లగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యా, ఖానాపురం హవేలిలో మాకు ఇల్లున్నది. కుకునూరు ప్రక్కన పొలమును, పొలము దగ్గర ఇంకొక ఇల్లును ఉన్నవి. అడవిపందులు పంటను నిలువనీయుట లేదు. ఇక్కడి లైసెన్సు తుపాకిని అక్కడకు తీసికొని పోవచ్చునా?" అని.

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్ప వీలులేదు. తెలిసీ తెలియని వారి మాట నమ్మి నడచినచో పంట సంగతి అటుండగా, రైతే చెరసాల పాలు కావచ్చును. కావున ఈ విషయమును కొంచెము వివరముగా మనవి చేయుచున్నాము.

ఈ చిక్కు రైతు తెచ్చుకొన్నది కాదు. ఎల్లలు మారుటచే వచ్చినది. ఒకప్పుడు ఖమ్మము, పాల్వంచ, బూర్గంపాడు ప్రాంతములు నైజాము సంస్థానములోనివి. గోదావరి కావల నున్న భద్రాచలము తాలూకా చెన్నపట్టణపు ప్రభుత్వము క్రింద నుండెను. ఆ గట్టున 1878 నాటి ఇంగ్లీషువారి ఆయుధముల చట్టము. ఈ గట్టున నైజాము శాసనము. 1953లో ఖమ్మము జిల్లా ఏర్పడెను. 1959లో భద్రాచలము డివిజను దానిలో చేర్చబడెను. నేటికిని దేశమంతట చెల్లుచున్న ఆయుధముల చట్టము పుట్టినదియు ఆ 1959లోనే. అది 1962 అక్టోబరు 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చెను. ఆ పిమ్మట ఏటికి రెండు గట్టులును ఏబదియేండ్లకు పైగా ఒకే కలెక్టరు చేతి క్రింద నుండుటచే, తుపాకి గల రైతునకు ఏరు దాటుట యొక సమస్యగా నుండలేదు.

2014వ సంవత్సరములో ఆ స్థితి మారెను. జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్ర మేర్పడెను. పోలవరము ముంపు కారణముగా కుకునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము మండలములును, పట్టణము మినహా భద్రాచలము మండలమును, బూర్గంపాడు మండలములోని కొన్ని గ్రామములును ఆంధ్రప్రదేశ్‌లో చేర్చబడెను. పిమ్మట 2016లో మన జిల్లా నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లా విడివడెను. 2022లో కుకునూరు, వేలేరుపాడు మండలములు ఏలూరు జిల్లాలో చేరెను. పొలము కదలలేదు, ఇల్లు కదలలేదు. వాని నడుమ గీత మాత్రము కదలినది. లైసెన్సు కాగితమునకు ఆ గీతయే ప్రధానము.

ఏలయన, తుపాకి లైసెన్సు మనిషిని మాత్రమే చూచి ఇచ్చునది కాదు; మనిషిని, ఆయుధమును, స్థలమును మూడింటిని కలిపి ఇచ్చునది. అది ఏ ప్రాంతమున చెల్లునో ఆ కాగితము మీదనే వ్రాయబడి యుండును. జిల్లా వరకే చెల్లునని యున్నచో జిల్లా ఎల్లతోను, రాష్ట్రము వరకే యని యున్నచో రాష్ట్రపు ఎల్లతోను దాని బలము తీరిపోవును. ఖానాపురం హవేలి నుండి పాల్వంచ, బూర్గంపాడు మీదుగా కుకునూరునకు బయలుదేరిన రైతు త్రోవలో ఎల్ల దాటినట్లు ఎరుగకయే దాటిపోవును. ఎరుగననుట న్యాయస్థానములో చెల్లు జవాబు కాదు. లైసెన్సు షరతును మీరినచో ఆరు నెలల వరకు ఖైదు గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. లైసెన్సే లేని తుపాకి యుంచుకొన్నచో, 2019 నాటి సవరణ ప్రకారము, రెండేండ్లకు తక్కువ కాకుండ ఐదేండ్ల వరకు ఖైదును, జరిమానాయును కలవు.

మఱి రెండిండ్ల రైతు ఏమి చేయవలెను? మొదట, లైసెన్సు ఎక్కడ అడుగవలెనో యోచింపవలెను. దరఖాస్తుదారుడు సాధారణముగా నివసించు చోటి అధికారికి గాని, అతని వృత్తి సాగు చోటి అధికారికి గాని దరఖాస్తు పెట్టుకొనవచ్చుననుట పూర్వము నుండి వచ్చుచున్న పద్ధతి. ఈ మాట రైతునకు మిక్కిలి ఉపకరించునది. మన వృత్తి సేద్యము. సేద్యము పొలమున్న చోటనే గదా! తుపాకి కోరునది పంటరక్షణకే యైనచో, ఇల్లు ఖమ్మములో నున్నను, పొలమున్న జిల్లాలోనే అడుగుట మేలని మా యభిప్రాయము. జిల్లా మేజిస్ట్రేటు, పోలీసు కమిషనరు గల చోట కమిషనరు, ఈ లైసెన్సు నిచ్చు అధికారి. దగ్గరి పోలీసు ఠాణా నుండి నివేదిక వచ్చిన మీదట ఆయన నిర్ణయము చేయును. ఇరువది యొక్క సంవత్సరములు నిండనివారికి ఇయ్యరు. నిజముగా పంటరక్షణకై మూతినుండి మందు కూరు తుపాకిని అడిగిన పౌరునకు, కాదనుటకు చట్టములో చెప్పిన కారణము లేనిచో, లైసెన్సు ఇయ్యవలెననియే చట్టము చెప్పుచున్నది. తగినంత ఆస్తి లేదను కారణము మాత్రముచే నిరాకరింపరాదనియు అందే కలదు. పేద రైతులు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. నిరాకరించినచో అప్పీలు చేసికొను హక్కును కలదు.

రెండవ సంగతి. ఇంటికొక లైసెన్సు చొప్పున రెండు రాష్ట్రములలో రెండు తీసికొందమను తలంపు మానుకొనవలెను. ఇప్పుడు దేశమంతటికిని ఒకే లైసెన్సుల పట్టిక కలదు. లైసెన్సుదారుని కొక్కనికి ఒక్కటే సంఖ్య. వేరువేరుగా నున్న పాత లైసెన్సులను గూడ ఒక్క సంఖ్య క్రిందికి తెచ్చుకొనవలెనని 2016 నాటి నియమములు విధించినవి. అమెరికా దేశములో ఒక రాష్ట్రము వారిచ్చిన అనుమతిని ఇంకొక రాష్ట్రము వారు మన్నింపవలెనను నిర్బంధము లేదు. రెండు రాష్ట్రములలో ఇండ్లు గలవారు రెండు కాగితములు సంపాదించుకొనుచుందురు. మన పద్ధతి వేరు. ఇక్కడ కాగిత మొక్కటే. అది చెల్లు మేరను పెంచుమని అధికారిని అడుగుటయే మార్గము. దరఖాస్తులో రెండిండ్ల విలాసములను, పొలము సర్వే నంబరును, ఏ నెలలలో ఎక్కడ నుందుమో దానిని దాపరికము లేక వ్రాసి, పట్టాదారు పాసుపుస్తకపు నకలు జతపరుపవలెను. మేర పెంచినట్లు కాగితముపై వ్రాత పడువరకు తుపాకి ఎల్ల దాటరాదు.

మూడవ సంగతి, కాపురము మార్చుట. శాశ్వతముగా మకాము మార్చినను, లేక తుపాకితో గూడ ముప్పది దినములకు మించి వేరొక చోట నున్నను, ముప్పది దినములలోగా క్రొత్త చోటి అధికారికిని, లైసెన్సు ఇచ్చిన అధికారికిని తెలుపవలెను. ఇది మన ప్రాంతమున చిన్న సంగతి కాదు. పోలవరము ముంపు గ్రామముల నుండి పునరావాస కాలనీలకు పోయినవారును, ఖమ్మములోని బంధువుల చెంతకు చేరినవారును పెక్కుమంది కలరు. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఇంటిలోని వస్తువులు చేతికందిన వఱకే తీసికొని జనులు మెట్టకు చేరిరి. అట్టి సమయమున తుపాకిని వెంట మోసికొని తిరుగుటకంటె, దగ్గరి ఠాణాలో గాని, లైసెన్సు గల ఆయుధ వర్తకుని వద్ద గాని భద్రపరచి రశీదు పుచ్చుకొనుట క్షేమము. వరదలో పోయినచో వెంటనే ఠాణాలో ఫిర్యాదు వ్రాయింపవలెను.

నాల్గవ సంగతిని పలువురు మరతురు. తుపాకి యుంచుకొనుటకు అనుమతి వేరు. మృగమును చంపుటకు అనుమతి వేరు. మొదటిది ఆయుధముల చట్టము క్రిందిది; రెండవది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రిందిది. అడవిపంది ఆ చట్టపు పట్టికలో నున్న మృగమే. నిలిచియున్న పంటను పాడుచేయు మృగమును వేటాడుటకు, ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారమిచ్చిన వారు గాని కారణములు చూపుచు వ్రాతమూలకముగా అనుమతింపవలెను. ఆ యనుమతి ఏ రాష్ట్రమువారిది ఆ రాష్ట్రమునకే. తెలంగాణలో పొందిన అనుమతి కుకునూరు చేలలో పనికిరాదు. అనుమతితో చంపినను ఆ మృగము ప్రభుత్వము సొత్తు. మాంసము పంచుకొనుట నేరము.

అభయారణ్యమునకు పది కిలోమీటర్ల లోపల నుండువారికి ఇంకొక నియమము కలదు. అట్టిచోట ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి ముందుగా సమ్మతింపనిదే క్రొత్త లైసెన్సు ఇయ్యరు. పాత లైసెన్సుదారులు అటవీశాఖవద్ద పేరు నమోదు చేయించుకొనవలెను. పాల్వంచ ప్రక్కన 1977 నాటి కిన్నెరసాని అభయారణ్యమున్నది. గోదావరి లోయలో పాపికొండల అడవి 2008లో జాతీయ ఉద్యానమైనది. మీ పొలము వీని కెంత దూరములో నున్నదో దరఖాస్తునకు ముందే అటవీ కార్యాలయమున తెలిసికొనుడు.

ఎన్నికల వేళ తుపాకులను ఠాణాలో అప్పగింపుమని ఉత్తరువులు వచ్చుట అందరెరిగినదే. రెండు రాష్ట్రముల ఎన్నికలు ఒక్కమారు రానక్కరలేదు. తెలంగాణ శాసనసభకు 2023 నవంబరులోను, ఆంధ్రప్రదేశ్ శాసనసభకు 2024 మేలోను పోలింగు జరిగెను. కావున రెండిండ్లవారు రెండు వైపుల ఉత్తరువులను గమనింపవలెను. త్రోవలో తుపాకిని సంచిలో నుంచి, మందు తీసివేసి, లైసెన్సు మూలప్రతితో గూడ తీసికొని పోవలెను. దానిని కొడుకునకు గాని, పాలేరునకు గాని ఇచ్చి పంపరాదు. లైసెన్సు మీ పేరనే గాని ఇంటిపేరున లేదు.

రైతు సోదరులారా! తుపాకి పంటకు తుది యుపాయమే గాని మొదటిది కాదు. పంది పొట్టచేను త్రొక్కిన రాత్రి రైతు గుండె ఎట్లుండునో మేమెరుగుదుము. ఆ కడుపుమంటతో చేను చుట్టు కరెంటు తీగ లాగుట మాత్రము ఘోరము. ఆ తీగ పందిని, పొరుగు పిల్లవానిని వేరుచేసి చూడదు. మంచె కట్టి వంతులవారీగా కావలి కాయుట, పది చేలకు కలిపి కంచె వేయుట వంటి పనులకు ఏ ఎల్లయు అడ్డు రాదు. ఏ లైసెన్సును అక్కరలేదు. ఒక్కరి వలన కానిది పదిమంది కలసిన అగునను నమ్మకము మీదనే గదా సహకార సంఘము నిలిచినది!

తుపాకి తప్పనివారు మాత్రము లైసెన్సు తీసి, అది చెల్లు ప్రాంతమును గూర్చిన పంక్తిని నేడే చదువుకొనుడు. చదువ రానివారు సంఘ కార్యాలయమునకు తెచ్చినచో చదివి చెప్పుదుము; దరఖాస్తు వ్రాయుటకును తోడ్పడుదుము. ముందు కాగితము ఎల్ల దాటవలెను. తుపాకి దాని వెనుక దాటవలెను. ఈ క్రమము తప్పనివాని పంటయు, పరువును నిలుచును.