11,000 పౌండ్లు లాగే ట్రక్కుకు 7,000 పౌండ్ల ట్రైలర్ ఎందుకు బరువైంది?

అమెరికాలో పికప్ ట్రక్కు ప్రకటన ఏది చూసినా పెద్ద అక్షరాల్లో కనిపించేది టోయింగ్ కెపాసిటీ. హాఫ్ టన్ తరగతి ట్రక్కు ఒకటి తీసుకుందాం. దాని టోయింగ్ కెపాసిటీ 11,000 పౌండ్లు, అంటే సుమారు 5,000 కిలోలు. డాలస్‌లో ఉండే ఒక తెలుగు కుటుంబం వేసవి సెలవుల్లో ఎల్లోస్టోన్ వెళ్లడానికి 7,000 పౌండ్ల ట్రావెల్ ట్రైలర్ చూసుకుందనుకుందాం. పైకి చూస్తే ఇంకా 4,000 పౌండ్ల వెసులుబాటు ఉంది. లెక్క వేస్తే మాత్రం ట్రక్కు మీద పడే బరువు పరిమితిని దాటిపోతుంది.

11,000 అన్నది అబద్ధపు అంకె కాదు. ఎస్ఏఈ జే2807 అనే ప్రమాణం ప్రకారం చేసే పరీక్షల్లోంచి వచ్చినదే. ఆ పరీక్షల్లో ఒకటి అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎత్తుదారి మీద ఉంటుంది. 38 డిగ్రీల ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టుకుని, గంటకు 40 మైళ్ల వేగం తగ్గకుండా 11.4 మైళ్లు ఎక్కాలి. అయితే ఆ లెక్కలో ట్రక్కులో ఉండేది ఇద్దరే, ఒక్కొక్కరు 150 పౌండ్లు. పిల్లలు, కూలర్లు, బియ్యం బస్తా అందులో లేవు.

అసలు అంకె తలుపు దగ్గర

డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద టైర్ల గాలి వివరాలతో ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంత బరువు మించకూడదని దాని మీదే రాసి ఉంటుంది. అదే పేలోడ్. ఒకే మోడల్‌లోనూ సన్‌రూఫ్, ఫోర్ వీల్ డ్రైవ్ లాంటివి ఉన్న బండికి ఆ అంకె తగ్గుతుంది. అందుకే బ్రోచర్‌లోది కాక, కొనబోయే బండి తలుపు మీదిదే చూడాలి. నిండు ట్యాంకు ఇంధనం బరువు ముందే తీసేసి ఉంటుంది కాబట్టి దాన్ని మళ్లీ కలపక్కర్లేదు.

మన ట్రక్కు పేలోడ్ 1,500 పౌండ్లు అనుకుందాం. ట్రైలర్ ముందు కొస ట్రక్కు హిచ్ మీద మోపే బరువును టంగ్ వెయిట్ అంటారు. అదీ ఈ 1,500 లోంచే పోతుంది. ట్రావెల్ ట్రైలర్‌కు అది మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. 10 కన్నా తగ్గితే హైవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగిపోతుంది. మరీ పెరిగితే ట్రక్కు వెనుక భాగం కుంగి, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. మధ్యస్థంగా 13 శాతం పెట్టుకుందాం.

- నలుగురు మనుషులు: 500
- ట్రక్కులో సామాను: 150
- వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (టంగ్ బరువును ఇరుసులన్నిటికీ పంచే బార్లున్న హిచ్): 100
- 7,000 పౌండ్ల ట్రైలర్ టంగ్ వెయిట్: 910
- మొత్తం: 1,660 పౌండ్లు

పరిమితి కన్నా 160 ఎక్కువ. లాగే శక్తిలో మూడో వంతుకు పైగా మిగిలే ఉంది, మోసే శక్తి మాత్రం అయిపోయింది.

డ్రై వెయిట్ మాయ

ఇదే ట్రైలర్ బ్రోచర్‌లో డ్రై వెయిట్ (ఖాళీ బరువు) 5,400 అనీ, హిచ్ వెయిట్ (ఖాళీగా ఉన్నప్పటి టంగ్ వెయిట్) 590 అనీ ఉందనుకోండి. పై లెక్కలో 910 బదులు 590 వేస్తే మొత్తం 1,340 అవుతుంది. 160 మించిన చోట 160 మిగిలినట్టు కనిపిస్తుంది. కానీ ఖాళీ ట్రైలర్‌తో ఎవరూ విహారానికి వెళ్లరు. 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే నీళ్ల బరువే 334 పౌండ్లు. నిండు ప్రొపేన్ సిలిండర్లు రెండు పెడితే ఇంకో 74. సిలిండర్లూ బ్యాటరీ సాధారణంగా ఉండేది ట్రైలర్ ముందు కొసన, అంటే నేరుగా టంగ్ మీద. గిన్నెలు, కుక్కర్, పడకలు, కుర్చీలు వీటికి అదనం. అందుకే లెక్కకు తీసుకోవాల్సింది ట్రైలర్ జీవీడబ్ల్యూఆర్, అంటే నిండా సర్దాక ఉండదగిన గరిష్ఠ బరువు. మన ఉదాహరణలో 7,000 అదే.

లెక్కను తిరగేస్తే కొనదగిన ట్రైలర్ తేలుతుంది. 1,500 లోంచి మనుషులు, సామాను, హిచ్ కలిపి 750 తీసేస్తే మిగిలేది 750. దాన్ని 0.13తో భాగిస్తే దాదాపు 5,770 పౌండ్లు. ఈ కుటుంబానికి ఈ ట్రక్కు అసలు సామర్థ్యం ప్రకటనలోని అంకెలో సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే.

ఇంజిన్ వైపు ఇబ్బందేమీ లేదు. ట్రక్కు, ట్రైలర్ కలిపిన గరిష్ఠ బరువు, అంటే జీసీడబ్ల్యూఆర్, 17,000 అనుకుందాం. ఎత్తు 1,000 అడుగులు పెరిగినప్పుడల్లా 2 శాతం తగ్గించి చూసుకుంటే, సుమారు 7,700 అడుగుల ఎత్తున ఉన్న ఎల్లోస్టోన్ సరస్సు దగ్గర అది 14,400కు వస్తుంది. సర్దుకున్న ట్రక్కు 6,300, ట్రైలర్ 7,000 కలిపినా 13,300 దాటదు.

తూకం వేసి చూడండి

కాగితం లెక్క సరిపోయిందో లేదో ట్రక్ స్టాప్‌లలోని క్యాట్ స్కేల్ చెబుతుంది. ముందు చక్రాలు ఒక పలక మీద, వెనుక చక్రాలు రెండో దాని మీద, ట్రైలర్ మూడో దాని మీద నిలిపితే మూడు బరువులూ విడివిడిగా చీటీ మీద వస్తాయి. ప్రయాణానికి సర్దుకున్నట్టే, అందరూ కూర్చుని, హిచ్ బార్లు బిగించకుండా ఒకసారి తూచాలి. తర్వాత ట్రైలర్ విప్పి ట్రక్కు ఒక్కదాన్నీ తూచాలి. రెండుసార్లూ వచ్చిన ట్రక్కు బరువుల తేడాయే నిజమైన టంగ్ వెయిట్. ఆపైన బార్లు బిగించి ఇంకోసారి తూచి, వెనుక ఇరుసు మీద పడ్డ బరువును తలుపు మీది జీఏడబ్ల్యూఆర్‌తో, అంటే ఆ ఇరుసు మోయదగిన గరిష్ఠ బరువుతో, పోల్చాలి. రిసీవర్ హిచ్‌కు కూడా వేరే పరిమితి ఉంటుంది, దాని లేబుల్ చూసుకోవాలి.

ఎక్కువ తేలితే దారులు రెండే: చిన్న ట్రైలర్, లేదా పేలోడ్ ఎక్కువున్న ముప్పావు టన్ తరగతి ట్రక్కు. ఎయిర్ బ్యాగులు బిగిస్తే సరిపోతుందని చెప్పేవాళ్లు ఉంటారు. అవి కుంగిన వెనుక భాగాన్ని పైకి లేపుతాయి, చూడటానికి బండి తిన్నగా నిలుస్తుంది. టైర్లు, ఇరుసు, బ్రేకుల మీద పడే బరువు మాత్రం ఒక్క పౌండు కూడా తగ్గదు.