ఎల్లలు దాటిన సేవ

సంగారెడ్డి నుండి హైదరాబాదుకు సాగే రహదారిపై పటాన్‌చెరు ప్రాంతంలో ఒకవైపు కర్మాగారాల పొగగొట్టాలు, మరొకవైపు ఇక్రిశాట్ పరిశోధన క్షేత్రాలు కనిపిస్తాయి. 1972లో ఇక్కడ నెలకొన్న ఈ అంతర్జాతీయ సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పంటలపై పరిశోధనలు జరుపుతోంది. వానను నమ్ముకొన్న మెట్ట రైతు కష్టం మెదక్ సీమలోను, ఆఫ్రికాలోను ఒక్కటే. ఆ కష్టం తీర్చడానికి దేశదేశాల శాస్త్రజ్ఞులు ఇక్కడికి వచ్చారు. అదే విధంగా ఇక్కడి యువతీయువకులు పరదేశాలకు వెళ్లి సేవ చేయవచ్చు. అయితే అందుకు సరియైన మార్గం తెలిసి ఉండాలి.

సేవ స్వరూపం

ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 1970 డిసెంబరులో చేసిన తీర్మానం ఫలితంగా ఐక్యరాజ్యసమితి స్వచ్ఛంద సేవకుల సంస్థ ఏర్పడి, 1971లో పని ప్రారంభించింది. 1996 నుండి దాని ప్రధాన కార్యాలయం జర్మనీలోని బాన్ నగరంలో ఉంది. ఈ సంస్థ ద్వారా వెళ్లేవారికి జీతం ఉండదు. జీవన వ్యయానికి తగిన భత్యం, ప్రయాణ ఖర్చు, బీమా సౌకర్యం లభిస్తాయి. 18 నుండి 26 ఏండ్ల వయసువారు యువ సేవకులుగా, 27 ఏండ్లు నిండినవారు వృత్తి నిపుణులుగా దరఖాస్తు చేయవచ్చు. 18 ఏండ్లు నిండినవారు ఇంటి నుండే అంతర్జాలం ద్వారా అనువాదం, రచన, చిత్రలేఖనం వంటి సేవలు అందించే అవకాశమూ ఉంది. తొలి అడుగు వేసే విద్యార్థికి ఇది అనువైనది.

దరఖాస్తు విధానం

అభ్యర్థి మొదట సంస్థ వెబ్‌సైటులో తన చదువు, అనుభవం, భాషా పరిజ్ఞానం నమోదు చేసుకోవాలి. తరువాత ప్రకటించిన పనులలో తనకు తగినదానిని ఎంచుకొని దరఖాస్తు చేయాలి. ఎంపికైనవారికి ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష ఉంటాయి. అభ్యర్థిని ఎరిగిన పెద్దలను సంస్థవారు విచారిస్తారు. ఆంగ్లంతోపాటు మరొక భాష వస్తే మేలు. సెనెగల్ వంటి దేశాలలో ఫ్రెంచి లేనిదే పని సాగదు.

దరఖాస్తుకు ప్రాణం అనుభవం. “నాకు సేవాభావం మెండు” అని వ్రాస్తే పరిశీలకునికి తెలిసేది ఏమీ లేదు. “ఇస్నాపూర్‌లో వలస కార్మికుల పిల్లలు పన్నెండుమందికి ఆరు నెలలు లెక్కలు నేర్పాను” అని వ్రాస్తే అభ్యర్థి శక్తి, ఓపిక రెండూ తెలుస్తాయి. కాబట్టి విదేశీ సేవకు తొలి పాఠశాల సొంత ఊరే. ఇందుకు జహీరాబాదు ప్రాంతపు గ్రామాలే నిదర్శనం. 1983లో ప్రారంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో అక్కడి పేద మహిళలు సంఘాలుగా ఏర్పడి, బీడుభూములను సాగులోకి తెచ్చి చిరుధాన్యాలు పండించారు. 2008లో మాచునూరులో సొంత రేడియోను నెలకొల్పారు. వారి కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంవారి ఈక్వేటర్ బహుమతి లభించింది. ఊరిలో చేసిన పనిని లోకం గుర్తించింది.

పాటించవలసిన జాగ్రత్తలు

పాస్‌పోర్టులోని పేరు, పుట్టిన తేదీ పదవ తరగతి ధ్రువపత్రంతో సరిపోవాలి. పదవ తరగతి ఉత్తీర్ణులకు వలస తనిఖీ అవసరం లేని పాస్‌పోర్టు లభిస్తుంది. ఇది సౌకర్యమే గాని, బాధ్యతను కూడా పెంచుతుంది. చదువు తక్కువైన కార్మికులు గల్ఫ్ వంటి దేశాలకు వెళ్లేటప్పుడు 1983 నాటి వలస చట్టం ప్రకారం అధికారులు వారి పత్రాలను పరిశీలిస్తారు. చదువుకొన్నవారికి ఆ తనిఖీ ఉండదు. ఒప్పంద పత్రంలోని ప్రతి వాక్యాన్ని వారే చదివి గ్రహించాలి.

ఐక్యరాజ్యసమితి సంస్థ దరఖాస్తుకు గాని, ఇంటర్వ్యూకు గాని, శిక్షణకు గాని రుసుము తీసుకోదు. దాని పేరు చెప్పి ఎవరైనా సొమ్ము అడిగితే అది మోసమే. సేవ పేరుతో సందర్శక వీసాపై పంపి కూలిపని చేయించేవారూ ఉంటారు. అట్టి మాటలు నమ్మితే తల్లిదండ్రులు పొలం అమ్మి తెచ్చిన సొమ్ము పోవడమే కాక, పరాయి దేశంలో చట్టం ముందు దోషిగా నిలువవలసి వస్తుంది. వీసా ఏ రకమైనదో, ఆహ్వానించిన సంస్థ ఏదో, తిరుగు ప్రయాణపు ఖర్చు ఎవరిదో తెలుసుకొన్న తరువాతనే సంతకం చేయాలి.

సేవ చేయాలనే తలంపు మంచిది. దానికి అనుభవం బలాన్నిస్తుంది; వివేకం రక్షణనిస్తుంది. ఈ రెండింటినీ సంపాదించుకొన్న విద్యార్థి ఏ దేశానికి వెళ్లినా తనకూ, పుట్టిన ఊరికీ గౌరవం తెస్తాడు.

ప్రశ్నలు

1. విదేశీ స్వచ్ఛంద సేవకు సొంత ఊరే తొలి పాఠశాల ఎట్లు కాగలదు?
2. వలస తనిఖీ అవసరం లేని పాస్‌పోర్టు బాధ్యతను ఎందుకు పెంచుతుంది?
3. మీరు చేసిన ఒక సేవాకార్యాన్ని దరఖాస్తులో వ్రాయదగిన రీతిలో ఐదు వాక్యాలలో వ్రాయండి.